పాలిపోయిన పేర్లు

ఆ కార్యాలయంలో ఆయనను వెనుక అందరూ చీపురుగారు అనేవారు. ముందు మాత్రం సార్ అనేవారు. వెనుక అనేది ఆయనకు తెలియకపోలేదు. ఒకనాడు భోజనాల గదిలో, "చీపురుకి గారు తగిలించారంటే మర్యాద తెలిసినవాళ్ళే" అని తానే నవ్వేశారు. అప్పటినుంచి ఆ పేరులోని ఎకసెక్కెం పోయి చనువు మిగిలింది.

పేరు ఊరికే రాలేదు. ఆయన బల్లమీద పనికివచ్చే వస్తువు తప్ప మరొకటి నిలిచేది కాదు. సిరా అయిపోయిన కలానికి మధ్యాహ్నం దాకా ఆయుష్షు ఉండేది కాదు. ఇంటిలోనూ అదే వరస. మూత పోయిన డబ్బా గాని, డబ్బా పోయిన మూత గాని, జత తప్పిన మేజోడు గాని ఆయన కంటబడి బతికి బట్టకట్టిన దాఖలా లేదు.

"ఈ ఇంట్లో పాతవాటిల్లో ఇంక నేనొక్కదాన్నే మిగిలాను. నన్నెప్పుడు బయట పెడతారో ముందే చెబితే మంచి చీర కట్టుకుంటాను" అనేది ఆయన భార్య.

"నువ్వు రోజూ అవసరం పడేదానివి కదా, నీకేం భయం?" అనేవారు ఆయన. ఆమె చేతిలోని గరిటె చూపించేది.

వేళాకోళానికి అన్నా, ఆయన నమ్మకమంతా ఆ మాటలోనే ఉన్నది. కంటికి పనిలో కనబడేది ఉండవచ్చు, కనబడనిది పోవలసిందే. దీనివల్ల ఆయనకు గానీ, ఇతరులకు గానీ చాలాకాలం ఏ నష్టమూ కలుగలేదు. నష్టం కలిగినది ఒక్కమారే.

ఆయన వృత్తి పుస్తకాలు వ్రాయడం. అయితే అవి అట్టమీద పేరు వేసుకొనే పుస్తకాలు కావు. ఊపిరి చాలని వృద్ధులకు ఇంటివద్దనే ప్రాణవాయువు అందించే యంత్రాలను ఆ సంస్థ తయారుచేసేది. గొట్టం ఎక్కడ తగిలించాలి, ఎర్రదీపం వెలిగితే ఏమి చేయాలి, పొయ్యికి ఎంత ఎడంగా ఉంచాలి, ఇవన్నీ కొన్నవారికి బోధపడేటట్లు వ్రాయడం ఆయన పని. కంప్యూటరు తెరమీద చదువుకొనే సహాయమూ, యంత్రంతో పాటు పెట్టెలో వెళ్ళే పుస్తకమూ ఒకే సాఫ్ట్‌వేరునుంచి తయారయ్యేవి. అందులో మాటలు ఒకచోట ఉంటాయి, మాటల వేషం మరొకచోట ఉంటుంది. శీర్షికకు ఒక వేషం, మామూలు పేరాకు ఒకటి, హెచ్చరికకు ఒకటి. ప్రతి వేషానికీ ఒక పేరు. ఆ పేర్లన్నిటినీ దాచిన ఫైలును స్టైల్‌షీటు అంటారు. దానిని తెరిస్తే ఎడమవైపు పేర్ల జాబితా, కుడివైపు ఆ పేరుకు ఇచ్చిన కొలతలు కనబడతాయి: అక్షరం ఎంత ఉండాలి, ఏ రంగు, చుట్టూ గీత ఉండాలా వద్దా అని.

జాబితా నెత్తిన రెండు చిన్న గడులు ఉండేవి. మొదటిదానిలో, పేర్లు ఎలా కనబడాలో ఎవరికి వారు ఎంచుకోవచ్చును. అక్షరక్రమంలోనా, రకాల వారీగానా. ప్రతి పేరూ తన వేషంతోనే కనబడాలా, ఒట్టి అక్షరాలలోనా. రెండవదానిలో, ఏ రూపంలోని కొలతలు చూడాలో ఎంచుకోవాలి: తెరకా, మామూలు అచ్చుకా, పెద్ద అక్షరాలతో వేసే పెద్దచ్చుకా. ఎంచుకొన్న రూపంలో కొలతలు ఉన్న పేరు నల్లగా నిలుస్తుంది. లేనిది బూడిదరంగుకు పాలిపోతుంది.

ఈ జాబితా దగ్గరే ఆయనకూ, ఎదుటి బల్ల అచ్చమ్మగారికీ నిత్యం జగడం. ఆవిడ మునుపు అచ్చాపీసులో పుటలు కూర్చిన మనిషి. ఆ పనినిబట్టే ఆ పేరు నిలిచింది. ఆయనకంటె కాస్త పెద్దవారు. పుటల వేషభాషలన్నీ ఆవిడవి, మాటలు ఆయనవి.

"ఇదేం జాబితా అక్కయ్యా? ఒక పేరు ఏనుగంత, ఇంకోటి చీమంత, ఒకటి ఎర్రగా, ఒకటి డబ్బాలో. సంతలో నిలబడ్డట్టుంది నాకు."

"నీది మాత్రం? అన్నీ ఒకే ఎత్తు, ఒకే రంగు. హాజరుపట్టీ! పేరు పిలిచి చూడు, ఉన్నాను సార్ అంటాయేమో."

"పేరు చదివితే చాలదా? ముఖం కూడా చూడాలా?"

"నేను పేర్లు మర్చిపోతా తమ్ముడూ. ముఖాలు మర్చిపోను."

అటువంటి మనిషికి ముఖాలు మసకబారసాగాయి. కంటి వెనుక పొర క్షీణిస్తున్నదని వైద్యుడు చెప్పాడు. సూదిమందు వేస్తూ ఉంటే కొంతకాలం నిలబెట్టవచ్చును గాని, వెనుకకు తేలేమన్నాడు. ఆవిడ ఎవరివద్దా దాచలేదు. "అద్దం మధ్యలో ఎవరో నూనె చెయ్యి పెట్టినట్టుంది. చుట్టూ బాగానే ఉంది. చూడాల్సింది మాత్రం ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది కదా, అదీ నా బాధ" అని నవ్వేవారు.

పెద్దచ్చు పుస్తకం ఆవిడ ఆలోచనే. యంత్రం కొనేవారందరూ కళ్ళజోడు పెట్టుకొన్నా అక్షరం ఆననివారు. వారికోసం వేరే పుస్తకం వేయాలని మేనేజరును వేధించి ఒప్పించారు. అక్షరాన్ని సాగదీసి ఊరుకోలేదు. గడుల పట్టికలను విప్పి మెట్లుమెట్లుగా వ్రాయించారు. ప్రతి హెచ్చరికనూ మందపు గీతల పెట్టెలో కూర్చోబెట్టారు. పంక్తి విరిగేచోట మాట విరగకుండా చూశారు. వీటికోసం జాబితాలో కొత్త పేర్లు ఎన్నో సృష్టించి, వాటికి పెద్దచ్చు రూపంలో మాత్రమే కొలతలు ఇచ్చారు. తెరకు వాటితో అవసరం లేదు కనుక అక్కడ ఏ కొలతలూ ఇవ్వలేదు.

"ఇన్నాళ్ళూ నేను చేసిన పుస్తకాలన్నీ ఇంకొకళ్ళు చదువుకోడానికే" అన్నారు ఒక మధ్యాహ్నం, టీ చల్లారబెట్టుకొంటూ. "ఇదొక్కటి నాది. కాగితం మీద, మొదటి పేజీ నుంచి చివరిదాకా, నా కళ్ళతో నేను చదువుకోవాలి. తర్వాత పోతే పోనీ."

"అవేం మాటలక్కయ్యా!"

"పోనీ అన్నానని పోతాయా? పోవద్దంటే ఆగుతాయా? నువ్వు తొందరగా మాటలు రాసివ్వు, చాలు."

ఆయన తొందరగానే వ్రాసి ఇచ్చారు. పని ముగింపుకు వచ్చినది. ఆ చివరి రోజులలో ఆవిడ తెరకు ముక్కు ఆనించి వెతకడం ఆయన చూశారు. "జాబితా చాంతాడంత అయిపోయింది తమ్ముడూ. కావలసిన పేరు దొరికేసరికి కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి" అన్నారు ఆవిడ ఒకమారు. ఫిర్యాదుగా అనలేదు. ఆయన మాత్రం ఆ మాట పట్టుకొన్నారు.

ఆవిడ కంటికి మందు వేయించుకోవడానికి సెలవుపెట్టి వెళ్ళారు. మిగిలినదల్లా అచ్చు ఫైలు తయారుచేసి పంపడమే. ఆ పని మేనేజరు చూసుకొంటానన్నాడు. అక్కయ్య తిరిగివచ్చేసరికి ఆ చాంతాడును జానెడు చేసి చూపించాలని చీపురుగారికి బుద్ధి పుట్టింది.

తన కంప్యూటరులో స్టైల్‌షీటు తెరిచారు. ఆయన ఎప్పుడూ చూసే తీరులోనే జాబితా తెరుచుకొన్నది: అక్షరక్రమం, ఒట్టి అక్షరాలు, తెర రూపం. నల్లని పేర్ల నడుమ పాలిపోయిన పేర్లు గుంపులుగా ఉన్నాయి. ఒకదానిని నొక్కి చూశారు; కుడివైపు ఖాళీ. మరొకటి, అదీ ఖాళీయే. ఇవన్నీ ఎన్నడో మొదలుపెట్టి వదిలివేసిన పేర్లని తీర్మానించుకొన్నారు. మామూలు అచ్చుకు తెర పేర్లనే వాడి, కొలతలు మాత్రం పెంచి తగ్గించడం అక్కడి పద్ధతి. పెద్దచ్చుకూ ఆవిడ అదే చేసి ఉంటారనుకొన్నారు. ఒక పేరును తీసివేస్తే అన్ని రూపాలనుంచీ పోతుందని తెలుసు. తెలిసీ, ఏమీ లేని పేరు ఎక్కడినుంచి పోతేనేమి అనుకొన్నారు. రెండవ గడిమీదికి ఆయన చేయి పోలేదు.

అజాగ్రత్తగా చేశారనడానికి వీలులేదు. ఒక్కొక్క పేరునే తీసి, తెరమీది సహాయం తెరిచి, ప్రతి పుటా చూసుకొన్నారు. ఎక్కడా వెంట్రుకవాసి తేడా రాలేదు. రాదు, అవి తెరకు పుట్టిన పేర్లు కావు. సాయంత్రానికి జాబితా ఒక్క చూపులో ఇమిడిపోయింది. మార్చిన ఫైలును అందరూ వాడుకొనేచోట భద్రపరచి, ఆయన సంతోషంతో చేతులు దులుపుకొన్నారు.

తరువాత మేనేజరు అచ్చు ఫైలు తీశాడు. అట్ట చూశాడు, లోపలి పెద్ద శీర్షిక చూశాడు. ఆ రెండూ పాత పేర్లే కనుక నిండుగా, పెద్దగా వచ్చాయి. బాగుందని పంపివేశాడు.

అచ్చమ్మగారు నల్లకళ్ళద్దాలతో తిరిగివచ్చిన నాటికి పుస్తకాల కట్ట కూడా వచ్చి ఉన్నది. చీపురుగారు కుర్చీ లేచి ఎదురువెళ్ళారు.

"అక్కయ్యా, మీకోసం ఒకటి చేశాను. జాబితా తెరిచి చూడండి ఒకసారి."

"ఉండు తమ్ముడూ, ముందు నా పుస్తకం."

ఆవిడ ఒక ప్రతి తీసుకొని కిటికీ దగ్గరకు నడిచారు. అట్టను అరచేతితో నిమిరారు. తెరిచారు. దగ్గరగా పట్టుకొన్నారు, దూరంగా జరిపారు. అద్దాలు తీసి, పైటకొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకొన్నారు. వెలుతురుకు వీపు పెట్టి చూశారు, ముఖం పెట్టి చూశారు. పుటలు రెండు మూడు తిప్పారు. కష్టపడి చేసిన పుస్తకాన్ని ఆవిడ మురిపెంగా చూసుకొంటున్నారని అనుకొన్నారు చీపురుగారు.

"ఎలా వచ్చింది?"

"బాగుంది" అన్నారు ఆవిడ, కొంచెం ఆగి. "బైండింగు బాగుంది."

పుస్తకాన్ని సంచిలో పెట్టుకొన్నారు. జాబితా చూడలేదు. భోజనాల వేళ మేనేజరుతో ఏదో చెప్పి ఇంటికి వెళ్ళిపోయారు. మరునాడు రాలేదు. ఆ వారంలోనే, కళ్ళు సహకరించడం లేదు, ఇక పనికి రాలేనని ఫోనులో చెప్పారు. అందరూ అయ్యో అన్నారు. చీపురుగారు కూడా, "ఇంత తొందరగానా!" అని నొచ్చుకొన్నారు. నొచ్చుకొన్నారే గాని, కట్టలోని పుస్తకం ఒక్కటి తెరిచి చూడలేదు. అయిపోయిన పనిని తిరిగి చేతిలోకి తీసుకొనే అలవాటు ఆయనకు లేదు.

కొన్నాళ్ళకు ఒక వృద్ధురాలి ఫోను ఆయనకు కలిపారు.

"బాబూ, అట్టమీద పెద్దక్షరాల పుస్తకం అని వేశారు. ఆ పెద్దక్షరాలు అట్టకే ఖర్చయిపోయాయా? లోపలికి మిగల్లేదా?"

"అలా ఉండదమ్మా, ఒకసారి సరిగ్గా..."

"సరిగ్గానే చూశా నాయనా, కనపడకే ఫోన్ చేశా. భూతద్దం మీరు పంపిస్తారా, మమ్మల్నే కొనుక్కోమంటారా?"

ఆయన కట్ట విప్పి పుస్తకం తెరిచారు. శీర్షికల క్రింద అన్నీ మామూలు అక్షరాలు. హెచ్చరికల చుట్టూ గీతలు లేవు. ఎర్రదీపాన్ని గురించిన మాట, దుమ్ము తుడవడాన్ని గురించిన మాటతో కలిసి ఒకే ముద్దగా పడి ఉన్నది. పుస్తకం పట్టుకొని ఆయన అచ్చమ్మగారి బల్లవద్దకు వెళ్ళి, ఆవిడ కుర్చీలో కూర్చొని, ఆవిడ కంప్యూటరు తెరిచారు. వెళ్ళిననాటినుంచి దానిని ఎవరూ ముట్టలేదు. అందులో పాత స్టైల్‌షీటు ప్రతి ఒకటి అలాగే ఉన్నది. జాబితా ఆవిడ చూసుకొనే తీరులోనే తెరుచుకొన్నది, పెద్దచ్చు రూపంలో. ఆయనకు పాలిపోయి కనబడిన పేర్లన్నీ అక్కడ నల్లగా, లావుగా, తమతమ వేషాలతో నిలబడి ఉన్నాయి. పాలిపోయినవి ఒకటో రెండో, అవి తెర పేర్లు.

తప్పు తెలియడానికి క్షణం పట్టింది. కిటికీ దగ్గర ఆవిడ పుస్తకాన్ని ముందుకూ వెనుకకూ జరపడం జ్ఞాపకం వచ్చి, దాని అర్థం తెలియడానికి మరొక క్షణం పట్టింది. పెద్దచ్చు కూడా కనబడనంతగా చూపు పోయిందని ఆవిడ అనుకొన్నారు. ఎవరినీ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా సంచి సర్దుకొన్నారు.

మేనేజరు కోప్పడలేదు. "ఆమె ఫైలు ఉందిగా, మళ్ళీ వేయిద్దాం. మీరు మాత్రం ఆవిడకి ఇప్పుడే ఫోన్ చెయ్యండి సార్" అన్నాడు. ఆయన ఫోను తీశారు, పెట్టేశారు. ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పారు.

ఆమె వింటూనే తువ్వాలు ఆయన చేతినుంచి లాక్కొన్నది. "కాళ్ళు తర్వాత కడుక్కోవచ్చు. చెప్పులు విప్పకుండా వెళ్ళండి."

"వెళ్ళి ఏమని చెప్పను? కొత్త పుస్తకం అచ్చవనీ. చేతిలో పెట్టి చెబుతాను."

"ఆవిడ కళ్ళు పోయాయనుకుని కూర్చుందండీ! పోలేదని చెప్పడానికి పుస్తకం దేనికి? నోరు చాలదూ?"

"తప్పు దిద్దకుండా వెళితే, తప్పొక్కటే మోసుకెళ్ళినట్టుంటుంది. ఎంతలో, ఇంకొన్నాళ్ళు."

"మీ శుభ్రం పాడుగాను!" అన్నది ఆమె. అంత గట్టిగా ఆమె ఎన్నడూ అనలేదు.

ఆయన వెళ్ళలేదు. పాత పేర్లన్నిటినీ తిరిగి చేర్చారు. ప్రతి పుటనూ ఈమారు పెద్దచ్చు రూపంలోనే చూశారు. అచ్చాపీసులో ముందున్న పనులు తెమిలేదాకా ఎదురుచూశారు. నమూనా ప్రతిలో అంచు కొంచెం వంకరపోయింది. మరొకరైతే పోనిమ్మందురు, ఆయన తిప్పి పంపారు. అక్కయ్య చేతిలో పెట్టబోయేది కదా, మచ్చ ఉండరాదన్నారు. అలా వారాలు గడిచాయి. చివరకు మచ్చలేని ప్రతి వచ్చింది. ఆ ఉదయమే దానిని కాగితంలో చుట్టుకొని వెళ్ళారు.

తలుపు ఆవిడ తమ్ముడు తీశాడు. అచ్చమ్మగారు వరండాలో పేముకుర్చీలో, వీధివైపు ముఖం పెట్టి కూర్చొని ఉన్నారు.

"ఎవర్రా?"

"నేనే అక్కయ్యా."

"చీపురుగారే! రా రా. మా ఇల్లు పొద్దున్నే ఊడ్చేశాం, నీకిక్కడ పనేం లేదు. కూర్చో."

ఆయన కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పారు, పాలిపోయిన పేర్లు తీసివేయడం మొదలుకొని. చెప్పడం ముగించి, కాగితం విప్పి, పుస్తకం ఒడిలో ఉంచారు. ఆవిడ తెరిచి, పుటమీద అరచేయి పెట్టి, పైనుంచి క్రిందికి మెల్లగా జరిపారు. చూపు మాత్రం వీధివైపే ఉన్నది.

"పెద్దగా ఉన్నాయా?"

"ఉన్నాయక్కయ్యా. మీరు ఎలా పెట్టారో అలాగే."

"హెచ్చరికలకి గీతలు?"

"ఉన్నాయి."

ఆవిడ తల ఊపారు. తరువాత అడిగారు: "నీకెప్పుడు తెలిసింది?"

"ఒకావిడ ఫోన్ చేసింది. ఆ రోజే. అప్పుడు ఇంకా వానలు మొదలవలేదు."

"వానలకు ముందా" అన్నారు ఆవిడ. "అప్పటికి మావాడు గుమ్మంలో నిలబడితే వీడేనని చెప్పేదాన్ని తమ్ముడూ. ఎదురింటి గేటు మీద అంకెలు తెలిసేవి. పుస్తకం దాకా ఎందుకు? ఆఫీసులో ప్రింటరుంది. ఒక్క పేజీ తీసి పట్టుకొచ్చినా చదివేదాన్ని."

ఆవిడ తమ్ముడు మంచినీళ్ళు తెచ్చి, గ్లాసు అందిస్తూ అన్నాడు. అతని మాటలో నింద లేదు. జరిగినది చెప్పినట్లే చెప్పాడు. "ఆ పుస్తకం తెచ్చిన రోజు నన్ను చదవమందండీ. నేను గడగడా చదివాను. అక్షరాలు బాగానే ఉన్నాయిగా అక్కా, అన్నాను. నాకేం తెలుసు అవి ఎంతుండాలో? ఇంక అంతే. సూదిమందుకి రానంది. పెద్దక్షరాలే ఆననప్పుడు కంట్లో సూదులెందుకురా, అంది. ఎంత బతిమాలినా కదల్లేదు."

గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన పట్టుకొనే నిలబడ్డారు.

"ఎందుకురా అవన్నీ ఇప్పుడు?" అన్నారు అచ్చమ్మగారు తమ్ముడితో. పుస్తకాన్ని చీపురుగారి అలికిడి వినబడినవైపుకు చాపారు. "రాసింది నువ్వేగా, కాస్త చదువు."

ఆయన పుస్తకం అందుకొని పుట తిప్పారు. అక్షరాలు ఎంత పెద్దవంటే, చేయి చాచి పట్టుకొన్నా కళ్ళజోడు లేకుండానే చదవవచ్చును. "ఎర్రదీపం వెలిగితే కంగారు పడకండి" అని మొదలుపెట్టారు. "ముందు గొట్టం మడతపడిందేమో చూడండి. తరువాత..." తరువాతి పంక్తిమీద వేలు పెట్టుకొన్నారు. ఒక్కొక్క మాటగా చదివారు. ఆవిడ తల కొంచెం వంచి, ఆ పుట ముగిసేదాకా విన్నారు.

"చాలు తమ్ముడూ. బాగా రాశావు. కానీ ఇది వినడానికి చేసిన పుస్తకం కాదు."

తరువాత ఆఫీసు కబుర్లు అడిగారు. తన కుర్చీలో ఎవరు కూర్చొంటున్నారని అడిగారు. ఎండ ఎక్కకముందే బయలుదేరమన్నారు. పుస్తకం ఉంచమనీ అనలేదు, తీసుకుపొమ్మనీ అనలేదు. ఆయన దానిని స్టూలుమీద ఉంచి మెట్లు దిగారు.

ఇంటివద్ద భార్య వీధిగుమ్మంలోనే నిలబడి ఉన్నది.

"చదివిందా?"

"విన్నది" అన్నారు ఆయన.

ఆమె పక్కకు తప్పుకొని దారి ఇచ్చింది. ఏదో ఒక మాట అంటుందని ఆయన చెప్పులు విడుస్తూ కాసేపు ఆగారు. ఆమె తువ్వాలు తెచ్చి చేతికిచ్చింది.